పేషెంట్లు "అలాగేనండి" అని తలూపి వెళ్ళిపోతుంటే హెల్త్ కోచ్ ఏం చేయాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడలో ఒక షుగర్ క్లినిక్‌లో ఆరు నెలలుగా హెల్త్ కోచ్‌గా చేస్తున్నారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లో రెండు రోజుల శిక్షణ అయింది. మారడానికి కారణాలు పేషెంటు నోటితోనే చెప్పించే సంభాషణ పద్ధతి అది. అక్కడ నేర్పిన ప్రశ్నలు తెలుగులో అడిగితే అతికినట్టు ఉండట్లేదు. పేషెంట్లు అన్నిటికీ "అలాగేనండి" అంటారు, మూడు నెలలకి అదే హెచ్‌బీఏ1సీతో (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) తిరిగొస్తారు. ఈ పద్ధతి మనవాళ్ళ దగ్గర పనిచేస్తుందా, చేస్తే ఎలా, డాక్టరు గారు పది నిమిషాలే ఇస్తే ఎలా అని అడిగారు.

పనిచేస్తుంది. మీరు మాట్లాడే వంతు సగానికి తగ్గి, మారడానికి కారణమేంటో పేషెంటే తన నోటితో చెప్పే వంతు పెరిగినప్పుడు పనిచేస్తుంది. "అలాగేనండి" అనేది చాలాసార్లు మీకిచ్చే మర్యాద. ఆ మాట వినబడిందంటే అప్పటిదాకా మీరే ఎక్కువ మాట్లాడారని గుర్తు. శిక్షణలో ఇచ్చిన ప్రశ్నల జాబితాని తెలుగులోకి తిప్పుకుంటే సరిపోదు. తెలుగులో మనం మామూలుగా ఎలా వింటామో, ఎలా ఊకొడతామో అక్కణ్ణుంచి కట్టుకు రావాలి.

ముందు కారణం చూద్దాం. ఈ పద్ధతి పుట్టింది మద్యం మానలేనివాళ్ళతో చేసిన పనిలో. అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో దీని గురించి మొదటి వ్యాసం రాశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా తెచ్చారు. మూలంలో ఉన్న గమనింపు చాలా మామూలుది. ఏ అలవాటు దగ్గరైనా మనిషికి రెండు మనసులుంటాయి. మానాలనీ ఉంటుంది, మానబుద్ధీ కాదు. మీరు ఒక వైపు లాగితే ఆయన రెండో వైపు మాట్లాడతాడు. తన స్వేచ్ఛ మీద ఎవరో చెయ్యేసినట్టు అనిపిస్తే మనిషి ఎదురు తిరుగుతాడని సైకాలజిస్టు జాక్ బ్రెమ్ 1966లోనే రాశారు. పైగా మన నోటితో మనం అన్నది మనకే ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. కాబట్టి మారకపోవడానికి కారణాలు పేషెంటు చేత చెప్పించే సంభాషణ ఆయన్ని ఉన్నచోటే బిగిస్తుంది. తప్పు కనబడగానే సరిదిద్దెయ్యాలన్న ఆత్రం మంచి మనసున్న కోచ్‌లకే ఎక్కువ ఉంటుంది, ఈ పనిలో అడ్డొచ్చేదీ అదే.

ఒకే సంభాషణని రెండు రకాలుగా చూపిస్తాను. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే 52 ఏళ్ల ఆయన అనుకోండి. హెచ్‌బీఏ1సీ 8.4. రోజుకి ఆరేడు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర. చెంచాకి 4, 5 గ్రాములు వేసుకున్నా ఆరు టీలకే సుమారు 50, 60 గ్రాముల చక్కెర.

"టీలో చక్కెర మానెయ్యాలండి."
"అలాగేనమ్మా."
"పోయినసారీ చెప్పాను కదా, ఎందుకు మానలేదు?"
"మా వ్యాపారం సంగతి మీకు తెలీదమ్మా. రైతు వచ్చి కూర్చుంటే టీ తెప్పించకుండా ఎలా? ఆయన తాగుతుంటే నేను చూస్తూ కూర్చోనా?"
"అయితే మీరు చక్కెర లేకుండా తాగండి."
"చక్కెర లేంది టీ ఎలా అవుతుందమ్మా?"

మారడానికి కారణాలన్నీ కోచ్ చెప్పారు, మారకపోవడానికి కారణాలన్నీ ఆయన చెప్పారు. బయటికి వెళ్ళేటప్పుడు ఆయన వెంట వెళ్ళేవి ఆయన చెప్పినవే. ఇప్పుడు రెండో రకం.

"యార్డులో మీ రోజు ఎలా గడుస్తుందో కాస్త చెప్పండి."
"పొద్దున్నే వెళ్తానా, రైతులు, కొనేవాళ్ళు, హమాలీలు... సీజన్లో అయితే ఊపిరాడదు. టీలకి లెక్కే ఉండదు."
"టీ అంటే అక్కడ తాగడం కంటే వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మర్యాద చేయడం."
"అంతే కదమ్మా. ఇవ్వకపోతే ఏమనుకుంటారు? నిజానికి సగం టీలు నాకు తాగాలనే ఉండదు."
"సగం టీలు మీకోసం తాగేవి కావన్నమాట."
"కావు. పొద్దున ఒకటీ, నాలుగింటికి ఒకటీ. అవి నాకు కావాలి. మిగతావి ఊరికే."
"ఆ రెండూ మీవి. మిగతావాటి సంగతి మీ చేతిలోనే ఉన్నట్టుంది."
"చేతిలోనే ఉంది. కుర్రాడికి చెప్తే నాకు చక్కెర లేకుండా వేరే గ్లాసు తెస్తాడు, ఎవరికీ తెలీను కూడా తెలీదు. మొన్న పాదాలు తిమ్మిరెక్కాయమ్మా. అప్పట్నుంచి కాస్త భయంగానే ఉంది."

మొదటి మాట తర్వాత కోచ్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, గమనించండి. వేరే గ్లాసు ఉపాయం ఆయనదే. ఆ గ్లాసు కోచ్ నోటినుంచి వచ్చుంటే "మా వాళ్ళకి కుదరదమ్మా" అని కొట్టిపారేసేవారు. ఇంకోటి, పాదాల తిమ్మిరి మాట వచ్చింది. అది కోచింగ్‌లో కలిసిపోకూడదు. అదే రోజు డాక్టరు చెవిన వేసి పాదాల పరీక్ష చేయించాలి.

"ఎందుకు"ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఇంగ్లీషు పాఠంలో ఆ ప్రశ్న అమాయకంగా ఉంటుంది. తెలుగులో "ఎందుకు చేయలేదు", "ఎందుకు తిన్నారు" అనేవి సంజాయిషీ అడగడం. బడిలోనూ ఇంట్లోనూ మనం "ఎందుకు" విన్నది తప్పు చేసినప్పుడే. దాని బదులు "ఏం అడ్డొచ్చింది", "ఎలా కుదిరింది", "అది ఎలా ఉంటుంది మీకు" అనండి. "చేస్తున్నారా", "తింటున్నారా" లాంటి అవును-కాదు ప్రశ్నలు వరసగా మూడు వేస్తే పేషెంటు బోనులో నిలబడ్డట్టు ముడుచుకుపోతాడు.

విన్నదాన్ని తిరిగి అనడం, అంటే రిఫ్లెక్షన్, ఈ పద్ధతికి గుండెకాయ. మీకు తెలుగులో అతకట్లేదంటే చిక్కు ఇక్కడే ఉంటుంది. నాలుగు సంగతులు చూసుకోండి.

గొంతు చివర్లో పైకి లేవకూడదు. "సగం టీలు మీకోసం కావన్నమాట" అని దించి అంటే ఆయన కొనసాగిస్తాడు. లేపి అంటే అది ప్రశ్నైపోయి "అవును" దగ్గర ఆగిపోతుంది. "అన్నమాట", "-నట్టుంది" అనే తోకలు మనకి బాగా పనికొస్తాయి, కానీ ప్రతి వాక్యానికీ తగిలిస్తే విసుగ్గా ఉంటుంది. "-ట" మాత్రం వాడొద్దు. "మీకు టైం దొరకట్లేదట" అంటే మీరు నమ్మట్లేదని ధ్వని.

మాటకి మాట తిరిగి అంటే మనకి వెక్కిరింతలా వినిపిస్తుంది. ఇంగ్లీషులో అది చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. "వాకింగ్‌కి టైం లేదండి" అంటే "టైం లేదు" అనకండి. ఒక అడుగు ముందుకేసి "మీ రోజంతా ఇంకొకళ్ళ పనులకే పోతోంది" అనండి. పొరపాటైనా ఫరవాలేదు, "అలా కాదండీ..." అని ఆయనే సరిచేస్తాడు. ఆ సరిచేసే మాటలోనే అసలు సంగతి ఉంటుంది.

రెండు మనసుల్నీ కలిపి చెప్పేటప్పుడు ఏది చివర ఉంచుతారన్నది ముఖ్యం. "మోకాళ్ళు పట్టేయకముందే ఏదో చేయాలని ఉంది, కానీ పొద్దున్నే లేవడం మీ వల్ల కావట్లేదు" అంటే ఆయన లేవలేకపోవడం గురించి మాట్లాడతాడు. తిప్పండి: "పొద్దున్నే లేవడం మీ వల్ల కావట్లేదు, అయినా మోకాళ్ళు పట్టేయకముందే ఏదో ఒకటి చేయాలని ఉంది." ఇప్పుడు మోకాళ్ళ గురించి మాట్లాడతాడు. మాటలు అవే, ఉన్న చోటే మారింది.

ఇక మాటని పెంచి చెప్పే రిఫ్లెక్షన్. "అయితే ఇక ఎప్పటికీ మీకు కుదరదన్నమాట" లాంటిది కొత్తల్లో ముట్టుకోకండి. గొంతులో రవ్వంత తేడా వస్తే అది ఎత్తిపొడుపు అయిపోతుంది, ఆ మనిషి మళ్ళీ మీ గది మెట్లెక్కడు.

మెచ్చుకోలుకీ ఇక్కడ మర్యాద ఉంది. అరవై ఏళ్ల పెద్దమనిషితో పాతికేళ్ల కోచ్ "గుడ్", "శభాష్" అంటే పంతులమ్మ పిల్లాడి వీపు తట్టినట్టుంటుంది. చేసిన పనిని పేరుపెట్టి చెప్పండి చాలు. "సంక్రాంతి మూడు రోజులూ ఇంటినిండా అరిసెలున్నా మాత్ర ఒక్క పూట తప్పలేదు. పట్టుదల ఉన్న మనిషే చేయగలిగే పని అది." ఇందులో మార్కులు వేయడం లేదు, చూశానని చెప్పడం ఉంది.

ఇప్పుడు మార్పు మాటలు, అంటే మారడం వైపు పేషెంటు అనే మాటలు, వినడం. శిక్షణలో కోరిక, శక్తి, కారణం, అవసరం అని నాలుగు రకాలు చెప్పి ఉంటారు. తెలుగులో అవి ఇలా వస్తాయి. "మనవడితో పాటు నడవాలని ఉందండి" కోరిక. "గట్టిగా అనుకుంటే మానగలను, సిగరెట్టు అలాగే మానాను" శక్తి. "మా నాన్నకి కాలు తీసేశారు" కారణం. "ఇలాగైతే లాభం లేదండి" అవసరం. వీటిలో ఏది వినబడినా మీరు చేస్తున్న పని ఆపి దాన్నే పట్టుకోండి. "సిగరెట్టు మానిన సంగతి చెప్పండి, అప్పుడెలా మానారు?" అని ఇంకాస్త లాగండి. ఎక్కువమంది కోచ్‌లు ఇక్కడే జారవిడుస్తారు. ఫారంలో తర్వాతి గడి నింపే హడావుడిలో ఆ మాట గాల్లో కలిసిపోతుంది.

అవి కొంత పోగయ్యాక కట్టుబాటు మాటలు, అంటే చేస్తానని మాటిచ్చేవి, మొదలవుతాయి. వాటి బరువు తూచడం నేర్చుకోవాలి. "చూద్దాం లెండి", "ట్రై చేస్తానండి", "మానాలండీ, మానాలి" ఇవన్నీ తేలిక. "రేపట్నుంచి కుర్రాడికి చెప్తా", "ఇవాళే మా ఆవిడతో మాట్లాడతా" అనేవి బరువైనవి, వాటిలో ఎప్పుడు, ఎవరితో అన్నది ఉంది. తేలిక మాట వినగానే ప్లాన్ కాగితం తీస్తే మళ్ళీ "అలాగేనండి" దగ్గరికే వస్తారు.

కొలబద్ద ప్రశ్న మీకు నేర్పే ఉంటారు: 0 నుంచి 10లో ఇది మీకు ఎంత ముఖ్యం? చదువుకున్నవాళ్ళతో ఫరవాలేదు. పెద్దవాళ్ళతో, పల్లెల నుంచి వచ్చినవాళ్ళతో అంకెలు తేలిపోతాయి, అందరూ "పదండీ" అనేస్తారు. "రూపాయిలో పావలా వంతా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగి చూడండి, ఆలోచించి చెప్తారు. తర్వాతి ప్రశ్నే అసలు ప్రశ్న. "అర్ధరూపాయి అన్నారు, పావలా అనలేదు. ఆ మిగతా పావలా ఎక్కడ్నుంచి వచ్చింది?" దీనికి జవాబంతా మార్పు మాటలే. అదే "ముప్పావలా ఎందుకు కాలేదు?" అని అడిగితే జవాబంతా సాకులే. ఎటు అడగాలన్నది తప్పితే ఈ పనిముట్టు మొత్తం తలకిందులు.

లాభనష్టాల పట్టిక రెండు గళ్ళలో రాయించడం చాలా క్లినిక్‌లలో అలవాటు. ఇంకా ఊగిసలాటలో ఉన్న మనిషి చేత నష్టాల గడి నిండా రాయిస్తే ఉన్న కాస్త పట్టూ సడలుతుంది. మిల్లరే తర్వాతి రోజుల్లో దీన్ని మామూలుగా వాడొద్దన్నారు. మీ క్లినిక్‌లో ఆ కాగితం ఉంటే పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

సమాచారం చెప్పాల్సిన చోట మూడు మెట్లు. అడగండి, చెప్పండి, మళ్ళీ అడగండి. "అన్నం విషయంలో ఇప్పటిదాకా ఏమేం విన్నారు, ఏం చేసి చూశారు?" మనవాళ్ళకి బోలెడు తెలుసు. యూట్యూబ్‌లో చూసింది, పక్కింటివాళ్ళు చెప్పింది, మూడు రోజులు కొర్రలు తిని వదిలేసింది అంతా వస్తుంది. తర్వాత "ఇంకో సంగతి ఉంది, చెప్పమంటారా?" అనండి. "చెప్పండమ్మా, అందుకేగా వచ్చాం" అంటారు. ఆ మాటతో గేటు తెరిచారని పది నిమిషాల ప్రసంగం పెట్టకండి. ఒక్క సంగతి, రెండు మూడు దారులు: "కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, ఉంటే అందులో 40 గ్రాముల పైన పిండి పదార్థం ఉంటుంది. కొందరు రాత్రి ఒక కప్పు తగ్గిస్తారు. కొందరు ముందు కూర, పప్పు తిని ఆఖర్న అన్నం కలుపుకుంటారు, దాంతో తిన్న తర్వాత షుగర్ అంత ఎగరదు. కొందరు భోజనం కాగానే పది, పదిహేను నిమిషాలు నడుస్తారు. మీ ఇంట్లో వీటిలో ఏది కుదురుతుందనిపిస్తోంది?" ఒక్కటే దారి చెప్తే కుదరదు అనడం తేలిక. మూడు చెప్తే ఎంచుకోవడం మొదలుపెడతారు.

"మా అమ్మకీ ఉంది, నాన్నకీ ఉంది, రాసిపెట్టి ఉంది" అనేవాళ్ళతో వాదించకండి. "ఇంట్లో ఇద్దర్ని చూశారు. అది ఎక్కడిదాకా వెళ్తుందో మీకు బాగా తెలుసు" అని ఆగండి. చాలామంది అక్కడ అమ్మ కళ్ళ గురించో నాన్న డయాలిసిస్ గురించో చెప్తారు. ఆ తర్వాత, షుగర్ ఇంకా సరిహద్దులో ఉన్న మనిషైతే, అనుమతి అడిగి చెప్పండి: చెన్నైలో మనలాంటివాళ్ళ మీదే చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో మూడేళ్ళలో షుగర్ వ్యాధిగా మారే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. రాసిపెట్టి ఉన్నదాంట్లో కొంత చెరిపే వీలుందని ఆయనకి ఆయనే అనుకోనివ్వండి.

ఏ విషయం మాట్లాడాలో మీరే నిర్ణయించుకుని కూర్చోవద్దు. తెల్ల కాగితం మీద ఏడు సున్నాలు చుట్టండి. అన్నం, టీ-టిఫిన్, నడక, మాత్రలు, నిద్ర, పొగాకు అని ఆరింటిలో రాసి ఏడోది ఖాళీగా ఉంచండి. "ఇవాళ వీటిలో దేని గురించి మాట్లాడదాం? వీటిలో లేనిది మనసులో ఉంటే ఈ ఖాళీ దాంట్లో రాద్దాం." ఆ ఖాళీ సున్నాలో కూతురి పెళ్ళి, అప్పు లాంటివి వచ్చి పడతాయి. వాటిని మీరు తీర్చలేరు, అయినా ఐదు నిమిషాలు వినకుండా అన్నం గురించి మాట్లాడితే ఏదీ లోపలికి వెళ్ళదు.

ఇంటివాళ్ళు పక్కన కూర్చున్నప్పుడు ఏం చేయాలో ఇంగ్లీషు పాఠాల్లో తక్కువ. మనకి రోజూ ఇదే. ఆయనకి షుగర్, ఆవిడ వెంట వస్తుంది. "మీరైనా చెప్పండమ్మా, నా మాట ససేమిరా వినరు. రాత్రి పెరుగన్నంలో ఆవకాయ లేందే ముద్ద దిగదు." మీరు ఆవిడ వైపు చేరారంటే ఆయనకి ఎదురుగా ఇద్దరయ్యారు. ముందు ఆవిడకే రిఫ్లెక్షన్ ఇవ్వండి: "ఆయన గురించి మీకు బెంగగా ఉంది." ఆవిడ నెమ్మదిస్తుంది. తర్వాత ఆయన వైపు తిరిగి "ఆవిడ బెంగ విన్నారు. మీకేమనిపిస్తోంది?" అని ఊరుకోండి. ఇక రాత్రి భోజనం మార్చే ప్లాన్ ఆయన ఒప్పుకున్నా, వంటింట్లో చేయాల్సింది ఆవిడ. కూర రెట్టింపు తరగాలంటే ఆవిడకి ఇంకో పావుగంట పని. అది ఆవిడతోనూ మాట్లాడకపోతే ప్లాన్ మూడో రోజుకి చచ్చిపోతుంది.

పేషెంటు ఆవిడే అయినప్పుడు చిక్కు ఇంకో రకం. అందరికీ పెట్టి ఆఖర్న తినడం, మిగిలింది పారెయ్యలేక కంచంలో వేసుకోవడం. "నా ఒక్కదానికోసం వేరే వండుకోనా?" అంటారు. దానికి తృణధాన్యాల ఉపన్యాసం జవాబు కాదు. "ఇంట్లో అందరి తర్వాతే మీ కంచం" అనండి. కొందరికి ఆ మాటకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అప్పుడు కాసేపు ఏమీ అనకుండా కూర్చోవడమే మీ పని.

ప్లాన్ దగ్గరికి ఎప్పుడు రావాలి? కట్టుబాటు మాటలు బరువెక్కి, "అయితే ఏం చేయమంటారు?" అని ఆయనే అడగడం మొదలుపెట్టినప్పుడు. అప్పుడు ఆయన చెప్పిన కారణాలన్నీ ఒక దండగా గుచ్చి రెండు మూడు వాక్యాల్లో వినిపించండి. "వీటన్నిటినీ చూసుకుని ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగి మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనాన్ని మీరు నింపొద్దు. వచ్చిన జవాబుకి ఏ పని, ఏ పూట, ఎక్కడ, ఎవరితో, అడ్డొస్తే ఏం చేయాలి అన్న ఐదూ కలపండి. "వాకింగ్ చేస్తా" అంటే ప్లాన్ కాదు. "సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి భోజనం అయ్యాక మేడ మీద పదిహేను నిమిషాలు, వర్షమొస్తే హాల్లో" అంటే ప్లాన్. వారానికి 150 నిమిషాల నడకన్నది చేరాల్సిన ఊరు, మొదటి వారమే చేరాలని లేదు. మన ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మే నెలలో బెజవాడలో పొద్దున ఎనిమిదికే రోడ్డు కాలుతుంది. ఆరింటిలోపు ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరులో అయితే ఎన్టీఆర్ స్టేడియం లాంటి చోట్లు. లేదంటే రాత్రి పూట. జనవరిలో వేసిన ప్లాన్ వేసవిలో ఎందుకు కూలిందో తెలియక పేషెంటు తనకి మనోబలం లేదనుకుంటాడు.

ఆఖర్న నమ్మకం కొలవండి. "ఇది చేయగలనని ఎంత నమ్మకం, పదిలో?" ఏడుకి తక్కువైతే ప్లాన్ చిన్నది చేయండి. మూడు రోజులు బదులు రెండు, పదిహేను నిమిషాలు బదులు ఎనిమిది.

వారం రోజులకి ఐదు నిమిషాల ఫోను. "చేశారా?" అని మొదలుపెట్టకండి. అది పరీక్ష, జవాబు అబద్ధం వస్తుంది. "ఈ వారం ఎలా గడిచింది?" చాలు. ఏడింటిలో రెండు రోజులే కుదిరితే పోయిన ఐదింటినీ వదిలి "ఆ రెండు రోజులూ ఎలా కుదిరింది?" అని అడగండి. వాట్సాప్‌లో పంపిన కంచం ఫొటోల మీద ఎర్ర ఇంటూ గుర్తు పెట్టే అలవాటుంటే ఇవాళే మానండి. రెండు ఇంటూలు పడ్డాక ఫొటోలు రావు, లేదా తినేది ఒకటి, ఫొటో ఇంకొకటి అవుతుంది.

ఈ పద్ధతి వాడకూడని చోట్లు ఉన్నాయి. గుండెల్లో నొప్పి, కాలికి మానని పుండు, షుగర్ 300 దాటి వాంతులు, ఇలాంటప్పుడు "మీకేమనిపిస్తోంది" అనే ప్రశ్నే తప్పు. సూటిగా చెప్పి డాక్టరు దగ్గరికి పంపాలి. షుగర్ 70కి తక్కువైతే వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో ఇచ్చి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇన్సులిన్ గానీ షుగర్‌ని బాగా దించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడే పేషెంటు ఉత్సాహంగా రాత్రి అన్నం మానేస్తానన్నా, ఉపవాసాలు మొదలుపెడతానన్నా ఆ ప్లాన్ డాక్టరు చూడకుండా ఇంటికి పంపొద్దు, తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. ఏ పని మీదా మనసు లేదు, బతకాలని లేదు అనే మాట వినబడితే నడక గురించి ఆపేసి అదే రోజు డాక్టరుకి చెప్పాలి. ఇంకొక చోటు, అప్పటికే నిర్ణయించుకుని వచ్చిన మనిషి. ఆయనతో మళ్ళీ ఊగిసలాట తవ్వితే వెనక్కి లాగినట్టే. నేరుగా ప్లాన్‌లోకి వెళ్ళండి.

ఫలితాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. 72 ప్రయోగాలని కలిపి చూసిన 2005 నాటి సమీక్షలో బరువు, బీపీ, కొలెస్ట్రాల్‌లో లాభం కనబడింది, 15 నిమిషాల మాటలతో చేసిన అధ్యయనాల్లో కూడా సగానికి పైగా లాభం చూపాయి. హెచ్‌బీఏ1సీ మీద మాత్రం ఆ సమీక్షలో స్పష్టమైన తేడా తేలలేదు. అంటే దీన్ని మందుల సర్దుబాటుకి బదులుగా చూడకూడదు. మాటలన్నీ బాగా సాగినా 8.4 అలాగే ఉంటే మందు మోతాదు డాక్టరు చూడాల్సి రావచ్చు. అది మీ వైఫల్యం కాదు, పేషెంటుదీ కాదు.

రెండు రోజుల శిక్షణ ఒక్కటే అయితే నెలల్లోనే జారిపోతుంది, ఎవరికైనా అంతే. నిలవాలంటే మీ మాట మీరు వినాలి. పేషెంటు అనుమతి తీసుకుని వారానికి ఒక సంభాషణ రికార్డు చేయండి. నడిమధ్య ఐదు నిమిషాలు విని కాగితం మీద నాలుగు వరసల్లో గీతలు పెట్టండి: ప్రశ్నలు, రిఫ్లెక్షన్లు, అడక్కుండా ఇచ్చిన సలహాలు, పేషెంటు నోటి మార్పు మాటలు. మొదటిసారి చాలామందికి పది ప్రశ్నలకి ఒక రిఫ్లెక్షన్ ఉంటుంది, కంగారుపడొద్దు. ప్రశ్నకొక రిఫ్లెక్షన్ దాకా వస్తే పనికి సరిపోతుంది, ప్రశ్నకి రెండు ఉంటే బాగా చేస్తున్నట్టు. రిఫ్లెక్షన్లలో సగమైనా ఒక అడుగు ముందుకేసినవి ఉండాలి. వరసలన్నీ ఒకేసారి బాగుచేయాలని చూడకండి. మొదటి నెల సలహాల గీతలు తగ్గించడం మీదే ఉండండి.

ఇక పది నిమిషాల సంగతి. ఇరవై ఉంటే మొదటి ఐదూ మనిషిని వినడానికి, రెండు నిమిషాలు సున్నాల కాగితానికి, ఎనిమిది మార్పు మాటలకి, మిగిలింది ప్లాన్‌కి. పదే ఉంటే అన్నీ కుదించి పరుగెత్తొద్దు. "ఈ నెల ఎలా గడిచింది?" అని ఒకటి, దానికి రెండు రిఫ్లెక్షన్లు, ఒక పావలా-అర్ధరూపాయి ప్రశ్న, "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు?" అని ఒకటి. ప్లాన్ కుదరకపోతే ఫోనులో చేసుకోవచ్చు. ఫైలులో మాత్రం "డైట్ కౌన్సెలింగ్ ఇవ్వబడింది" అని రాయకండి. ఆయన అన్న మాట ఆయన అన్నట్టే రాయండి: "సగం టీలు నాకు తాగాలనే ఉండదు. కుర్రాడికి చెప్తా, వేరే గ్లాసు." వచ్చేసారి ఆయన కూర్చోగానే అది చదివి వినిపించి, ఆ గ్లాసు సంగతి అడిగి మొదలుపెట్టండి.